గుత్తపని – కూలివాని వంతు

ఇల్లు కట్టించుచున్న గృహస్థుని నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: కూలివాండ్రు పని చేయరు. ఎండ యెక్కిన పిమ్మట వత్తురు. తాపీ చేతబట్టుటకు ముందు చుట్ట వెలిగింతురు. మధ్యాహ్నపు కూటికి కూర్చుండిన మఱల లేవరు. ప్రొద్దు వాలకమునుపే గమేళాలు కడిగి బోర్లింతురు. ఈ ఫిర్యాదునకు అందఱును చెప్పు మందు కూడ నొక్కటే. దినకూలి మాని గుత్తకిమ్ము, త్వరగా ముగించిన బహుమానమిచ్చెదనని చెప్పుము, ఆశ పుట్టినచో చేయి దానంతటదియే కదలును. పెద్ద కట్టడములు చేయించు కంపెనీలవారు ఈ మాటనే ఉత్పాదకత, ప్రోత్సాహకము అను గంభీరమైన పేరులతో చెప్పుదురు. ఆ మందు పనికిరానిదని మేము చెప్పుటలేదు. మనదేశపు కట్టడములలో ఆ మందు త్రాగుచున్నవాడొకడు, పథ్యము చేయుచున్నవాడు వేఱొకడు అనుటయే మా వాదము.

గుత్త యన నేమో మా చదువరులలో ఇల్లు కట్టించినవారందఱును ఎఱుగుదురు. యజమాని మేస్త్రితో చదరపుటడుగున కింతయని బేరము కుదుర్చుకొనును. మేస్త్రి తన ముఠాను దెచ్చి పని చేయించును. గుత్త యజమానికిని మేస్త్రికిని నడుమ నున్నది. మేస్త్రికిని కూలివానికిని నడుమ నున్నది మాత్రము పూర్వపు దినకూలియే. ఇచ్చటనే కిటుకు కలదు. దీనిని మాటలతో కంటె లెక్కతో చూపుట సులభము.

ఒక గోడపనికి ఇద్దఱు తాపీవారును, నలుగురు కూలీలును గల ముఠాకు పది దినములు పట్టునని అంచనా వేసి మేస్త్రి గుత్త యొప్పుకొనెననుకొందము. అనగా 60 దినముల కూలి. తాపీవాని కూలి యెక్కువ, తట్ట మోయువారి కూలి తక్కువ. అయినను లెక్క సులభమగుటకై అన్నిటిని సమముగా నెంచుదము. మేస్త్రి తఱుమగా తఱుమగా పని యెనిమిది దినములలో ముగిసినది. ముఠాకు ముట్టిన కూలి 48 దినములది. మిగిలిన 12 దినముల కూలి మేస్త్రి సంచిలో నున్నది. అది యెక్కడనుండి వచ్చినది? ఆఱుగురును తలకు రెండేసి దినములు పని పోగొట్టుకొని, మఱునాటి యుదయమున అడ్డామీద క్యారేజీగిన్నె చేతబట్టుకొని నిలువబడినందున వచ్చినది. వేగముగా చేసినవానికి రెండు దినముల పస్తును, వేగముగా చేయించినవానికి బహుమతియు ముట్టినవి. ఈ లెక్క ఇంజనీరునకు తెలియకపోవచ్చును గాని కూలివానికి బాగుగా తెలియును. సోమరితనమని మనము పిలుచుచున్నదానిలో చాలభాగము ఈ లెక్క తెలిసియుండుటయే. ఏడు దినములలో ముగింపగల పనిని పది దినములు సాగదీయు కూలివాడు తన బిడ్డలకు మూడు దినముల అన్నము సంపాదించుచున్నాడు. వాని స్థానమున నున్నచో మేమును అట్లే చేయుదుము.

మేస్త్రిని రాక్షసునిగా చిత్రించుట మా యుద్దేశము కాదు. వాడును ఒకనాడు తట్ట మోసినవాడే. వాన కురిసి పని నిలిచినప్పుడు ముఠాకు చేతిఖర్చులు తానే యిచ్చుకొనవలెను. యజమాని కడపటి వాయిదా ఎగవేసిన తానే మోయవలెను. అపాయము భరించినవానికి కొంత లాభము న్యాయమే. కాని వేగమువలన కలిగిన మిగులంతయు ఒక్కని పాలగుటయు, ఆ వేగము పుట్టించిన నడుములకు దానిలో ఒక్క కాసైనను రాకపోవుటయు ఏ న్యాయశాస్త్రమునకు సమ్మతము?

ఇది చిన్న యిండ్ల మాటయే, పెద్ద సంస్థల పనులలో ఇట్లుండదని కొందఱందురు. 1982లో ఢిల్లీనగరమున ఆసియా క్రీడలకై మైదానములు, వంతెనలు, వసతిగృహములు రేయింబవళ్లు కట్టించిరి. గడువు ముందే నిర్ణయమై యుండుటచే వేగమే సర్వస్వమైనది. ఆ పనుల విషయమున సర్వోన్నత న్యాయస్థానమునకు పోయిన ఫిర్యాదులో తేలిన దేమి? దినమునకు 9 రూపాయల 25 పైసలు కనీసవేతనము కాగా, ఆ సొమ్ము జమాదారుల చేతిమీదుగా పోవుచుండెను. జమాదారు తలకొక రూపాయి తన వంతుగా కోసికొనగా కూలివానికి 8 రూపాయల 25 పైసలు ముట్టుచుండెను. స్త్రీలకు 7 రూపాయలే ముట్టుచున్నవని కూడ ఆరోపణ వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో న్యాయమూర్తి భగవతిగారు చెప్పిన తీర్పులో, కనీసవేతనమునకు తక్కువగా నిచ్చి చేయించుకొను పని రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన వెట్టి క్రిందికే వచ్చునని తేల్చిరి. ఆకలిచేత తక్కువకూలి కొప్పుకొనుటయు బలవంతమేయని దాని సారము. సర్కారు పనిలో, రాజధానిలో, లోకమంతయు చూచుచుండగా జరిగినది యిది. మన వీథి చివర, ప్రహరీగోడ వెనుక, ఎవరును చూడని చోట జమాదారుని కత్తెర ఇంతకంటె మొద్దుగా నుండునని నమ్ముటకు ఆధారము లేదు.

ఇక పని త్వరగా సాగకుండుటకు నిజమైన కారణమేమో చూతము. కూలివాని యాశను పెంచినగాని ఫలితము పెరుగదను సిద్ధాంతము నమెరికాలో ఇటుకపని నేర్చిన యొక యువకుడు చాలకాలము క్రిందటనే ప్రశ్నించెను. ఫ్రాంక్ గిల్బ్రెత్ 1885లో, పదునేడేండ్ల ప్రాయమున, తాపీపనిలో శిష్యుడుగా చేరెను. తనకు పని నేర్పినవారు చేతులాడించు తీరు పరిశీలింపగా ఒక్క యిటుక పెట్టుటకు 18 కదలికలు కనబడినవి. వానిని 5కు తగ్గించెను. ఎట్లు? కొరడాతో గాదు, బహుమానముతోను గాదు. గోడతోపాటు పైకి జరుగు పరంజాను కల్పించెను. ఇటుకలను సున్నమును నడుము వంపనవసరము లేని యెత్తున నుంచెను. ఇటుకలను ముందే యేఱి మంచి ముఖము పైకుండునట్లు పేర్చి యందించుటకు వేఱొకని నియమించెను. టేలరుగారు 1911లో ప్రచురించిన తమ గ్రంథమున ఈ కథ చెప్పుచు, గంటకు 120 ఇటుకలు పెట్టుచుండిన పనివాడు 350 పెట్టెనని వ్రాసిరి. ఆయనయే యింకొక లెక్క కూడ చెప్పిరి: అయిదు పౌనుల ఇటుక నెత్తుటకై తాపీవాడు నూటయేబది పౌనుల తన దేహమును రెండడుగులు దించి మఱల లేపుచున్నాడు, ఇట్లు దినమునకు సుమారు వేయిమారులు! టేలరుగారి మతము మాకు సర్వవిధముల సమ్మతము గాదు. పనివానిని గడియారమునకు కట్టివేసిన దోషము వారిది. అయినను ఈ లెక్కను కాదనువారెవరు?

ఆ గిల్బ్రెతుగారి భార్య లిలియన్, పండ్రెండుగురు బిడ్డలను కన్న తల్లి, భర్తతో కలసి 1916లో పనివారి యలసటను గూర్చియే యొక పుస్తకము వ్రాసెను. తరువాతి కాలమున ఆమె వంటయిండ్ల యమరికను గూర్చి కూడ పరిశోధించెను. పొయ్యికిని నీళ్లకుండకును నడుమ దినమున కెన్ని యడుగులు నడువవలసి వచ్చుచున్నదో మా సోదరీమణులలో లెక్కించినవారెందఱు? తన వంటయింటి యమరిక చెడినందున తనకు నడుము నొప్పి కలిగినదని యెఱిగిన గృహిణికి, మూడవ యంతస్తునకు తలపై ఇటుకలు మోయుచున్న స్త్రీ "నెమ్మదిగా" ఎందుకు నడుచుచున్నదో వేఱుగ బోధింప నక్కఱలేదు.

మన కట్టడముకడ కాలము పోవు త్రోవలు చూడుడు. ఇసుకబండి రాలేదు. సిమెంటు నిన్నటితో నైపోయినది. మోటారు కాలి నీరెక్కుటలేదు. పరంజాకు కఱ్ఱలు చాలవు. వీనిలో నొక్కటియు కూలివాని చేతిలో లేదు. అన్నిటికంటె ఘనమైనది మఱియొకటి కలదు. గోడ లింటెలు ఎత్తు లేచిన పిమ్మట వాస్తుసిద్ధాంతిగారు దయచేసి గుమ్మము రెండడుగులు జరుగవలెనందురు. బి.ఏ. చదివిన యజమాని తలయూచును. కట్టిన గోడ పడగొట్టుదురు. మేస్త్రి మెల్లగా, "అయ్యగారూ, రెండుమారులు కట్టినదానికి కూలి యెవరిచ్చెదరండీ?" యని యడుగును. "గుత్తగదోయి!" యని సమాధానము. ఇట్టి యజమాని సాయంకాలము క్లబ్బులో కూర్చుండి మన కూలివాండ్రలో ఉత్పాదకత లేదని యుపన్యసించును!

పని చేతగాని జాతి యని మనవారిని నిందించువారు నాగార్జునసాగరమునకు పోయి యొకసారి తలయెత్తి చూడవలెను. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన యా యానకట్ట 124 మీటర్ల యెత్తున రాతికట్టుతో లేచినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. యంత్రములు చాలని దినములలో వేలకొలది చేతులు మోసి పేర్చిన రాళ్లవి.

వేగమునకు మాత్రమే వెలకట్టుటవలన చెడునది కూలివాడొక్కడే కాడు, ఇల్లును చెడును. స్వార్థము తప్ప వేఱొకటి తెలియని యజమానియైనను ఈ మాట వినవలెను. కాంక్రీటు గట్టిపడుటకు కాలము కావలెను. దానికి ఆశ చూపిన నది త్వరపడదు. భారతీయ ప్రమాణముల సంస్థవారి 456వ సంఖ్యగల నిబంధనావళి, 2000 సంవత్సరపు ప్రతియందు, సాధారణపు సిమెంటుతో పోసిన కాంక్రీటును ఏడు దినములకు తక్కువ గాకుండ తడిగా నుంచవలెననియు, ఎండ తీవ్రముగా నున్నచోట్ల పది దినములు తడుపవలెననియు చెప్పుచున్నది. నాలుగున్నర మీటర్ల వఱకు వెడల్పుగల స్లాబు క్రింది పోట్లను ఏడు దినముల వఱకును, అంతకు మించినచో పదునాలుగు దినముల వఱకును తీయరాదని కూడ చెప్పుచున్నది. సెంట్రింగు ముఠాకు చదరపుటడుగున కింతయని లెక్క. పలకలును పోట్లును ఎంత త్వరగా ఊడదీసి వేఱొక యింటికి చేర్చిన వారికంత లాభము. నీళ్లు చల్లుట కెవరికిని లెక్కలో చోటు లేదు గనుక ఎవరును చల్లరు. ఇనుపచువ్వలు కట్టు ముఠాకు టన్నులెక్క. ముడి గట్టిగా వేసినవానికిని వదులుగా వేసినవానికిని ఒకే వెల. పైన గిలాబా పడిన తరువాత లోపలి పాపము కంటికి కనబడదు. వర్షాకాలమున స్లాబు కారినప్పుడు కనబడును. అప్పటికి మేస్త్రి యే యూరనున్నాడో!

స్లాబునాటి వేడుక కూడ ఈ సందర్భమున చెప్పదగినదే. పోత తెల్లవాఱుజామున మొదలుపెట్టి రాత్రి దీపములు వెలిగించి ముగింతురు. ఆనాడు బహుమానమను పేర యజమాని యిచ్చునదేమి? పెక్కుచోట్ల సీసాలు. ఎత్తున, తడి పలకలపై, విద్యుత్తీగెల నడుమ పనిచేయువానికి సారాయి యుత్సాహమిచ్చునని తలంచువారు మద్యపాననిషేధ సభలలో అధ్యక్షత వహించినవారే కావచ్చును. ఆ సీసాల వెల రూపాయలుగా లెక్కించి ముఠాలోని ఆడవారితో సహా పంచినచో ఎవరికేమి నష్టము?

ఆడవారి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ముఠాలో తాపీ మగవానిది, తట్ట ఆడుదానిది. ఆమె ఇటుకలు మోయును, మాలు కలిపి యందించును, నీరు తెచ్చును. ఇరువది యేండ్లు మోసినను తాపీ చేతికి రాదు. దినమునకు ఎన్ని యడుగుల గోడ లేచినదను లెక్క తాపీవాని పేర వ్రాయబడును. అట్టి లెక్కమీద ఇచ్చు బహుమానము వానికే పోవును. ఆమె యందింపనిచో వాడొక్క వరుస యైనను లేపగలడా? సమానమైన పనికి స్త్రీపురుషులకు సమానవేతన మీయవలెనని 1976లోనే చట్టము వచ్చినది. ఆడకూలి యని వేఱొక ధర యిన్నేండ్ల తరువాతను అడ్డామీద బహిరంగముగా పలుకుచునే యున్నది. స్త్రీవిద్యను గూర్చి మాకు వ్యాసములు పంపు మిత్రులు తమ యింటిగోడ కెత్తిన యిటుకలు ఏ ధరకు మోయించిరో కూడ నొకమాఱు తలంచుకొందురుగాక.

ఇటుక బట్టీకడ ఈ పద్ధతి యింకను క్రూరరూపము దాల్చినది. హైదరాబాదు చుట్టుపట్లను, తెలుగుదేశపు ఇతర జిల్లాలలోను బట్టీలకు ఒడిస్సాలోని బొలాంగీరు, నువాపడా ప్రాంతములనుండి కుటుంబములు వచ్చును. అచ్చట కూలి మనిషికి గాదు, వేయి యిటుకలకు. భర్త, భార్య, ఒక బిడ్డ కలిసి యొక లెక్క. దానిని వారు పథురియా యందురు. ముందుగా నిచ్చిన అడ్వాన్సు తీఱవలెనన్న ఇటుకల సంఖ్య పెరుగవలెను; సంఖ్య పెరుగవలెనన్న బిడ్డ చేతులు కూడ మట్టిలో పడవలెను. ఇచ్చట బిడ్డను పనిలో పెట్టినది యెవరు? తండ్రియందుమా? లెక్క కట్టిన తీరే పెట్టినది. చేసినంతకే యిత్తుము, కనీస మింతయని యేమియు లేదు అనునప్పుడు, ఇంటిలోని ప్రతి చేయియు పనిముట్టగును. మన పాలమూరు ముఠాలు దేశమంతట ఆనకట్టలకును కాలువలకును పోయిన కథయు ఇటువంటిదే. పండుగ ముందు మేస్త్రి చేతిలో పెట్టిన అడ్వాన్సు ప్రోత్సాహకముగా కనబడి, పని నడుమ సంకెలగా మాఱినది. వెట్టిని రద్దుచేసిన 1976 నాటి చట్టము ఇట్టి యప్పులనే ఉద్దేశించినది.

అట్లైన కొలతపని యంతయు పాడే, దినకూలియే మంచిదని మేము చెప్పుచున్నామా? లేదు. పనివానికి కూడ గుత్త యిష్టమగు సందర్భములు గలవు. చేయి తిరిగినవాడు మూడుగంటలకే ముగించి యింటికి పోగోరును. అది వాని హక్కు. కావలసినది రెండు కట్టుబాట్లు. క్రింద నొక గట్టినేల యుండవలెను. పైన వచ్చిన మిగులు చేసినవారికి చేరవలెను. మొదటిది కొత్త కోరిక గాదు. 1948 నాటి కనీసవేతనముల చట్టములోనే, కొలతపని చేయువానికి వేఱుగ కొలతకూలి నిర్ణయింపనిచో దినపు కనీసవేతనమునకు తగ్గకుండ ఈయవలెనని యున్నది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతనముల కోడు కూడ ఆ నియమమును నిలిపినది. ఇంగ్లండులో 1947లో కట్టడపు పనివారి సంఘములును యజమానులును కుదుర్చుకొన్న ప్రోత్సాహకపు టొప్పందము కూడ మూలవేతనమును ముట్టక, దానిపైనే యదనపు సొమ్మును నిలిపినది.

మన నేలమీదనే యింకను మంచి యుదాహరణ మున్నది. 2005 నాటి గ్రామీణోపాధి చట్టములో కొలతకూలి ధరలను, సామాన్యుడైన యొకడు ఏడుగంటలు పనిచేసినచో కనీసవేతనము సంపాదింపగలుగునట్లు నిర్ణయింపవలెనని వ్రాసిరి. పూర్వపు ధరలపట్టికలు కాంట్రాక్టరుల పనులకై పుట్టినవి. వానిని బట్టి కొలిచిన ఆడవారికి, వృద్ధులకు సగముకూలి కూడ రాదు. ఆ కారణమున అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పల్లెలలో నిజముగా పని చేయించి, కాలము కొలిచి, నేల గట్టిదనమును చూచి, ధరలను మఱల కట్టిరి. వేసవినెలలలో ఎండకు దేహము తాళదని యొప్పుకొని నూటికి 20 మొదలు 30 వఱకు అదనపు కూలి లెక్కించిరి. మే నెలలో జనవరినాటి కొలత యడుగుట యన్యాయమని సర్కారు పట్టిక యొప్పుకొన్నప్పుడు, నగరములో పదవ యంతస్తున ఇనుపచువ్వ కట్టువానికి ఆ మాట యేల వర్తింపరాదు? చెఱువుపూడిక తీయువానిని కాల్చు సూర్యుడు వేఱా?

ఖర్చు పెరుగునని గృహస్థులు భయపడుదురు. పైన మేము చెప్పిన లెక్కనే మఱల చూడుడు. పది దినముల పని యెనిమిది దినములలో ముగిసినప్పుడు మిగిలిన 12 దినముల కూలిలో సగము మేస్త్రికుంచి, సగము ఆఱుగురకు పంచిన, తలకొక దినపు కూలి. యజమానికి ఒక్క పైసయు పెరుగలేదు. పోయిన రెండు దినములలో ఒకటి కూలివానికి తిరిగి వచ్చినది. మఱుసటి గోడకు వాడు సాగదీయుటకు కారణము తగ్గినది. మేస్త్రికి ఆఱు దినముల లాభము తగ్గును, నిజమే. దానికి బదులు యజమాని వాయిదాలు చెప్పిన దినమున తప్పక యిచ్చినయెడల, మేస్త్రి వడ్డీవ్యాపారి యింటికి పోవు ఖర్చు తప్పును.

వచ్చు మాఘమాసమున ముహూర్తములు గలవు. మా చదువరులలో కొందఱు కట్టడములు మొదలుపెట్టకపోరు. మేస్త్రితో వ్రాసికొను కాగితమున, కూలి యేనాడును కనీసమునకు తగ్గరాదనియు, త్వరగా ముగిసిన దినముల కూలిలో సగము ముఠాలో ఆడ మగ భేదము లేక పంచవలెననియు, తడుపుటకు వేఱుగా నొక మనిషికి కూలి యున్నదనియు వ్రాయింపుడు. శనివారము సాయంకాలము మీ గుమ్మమున నిలిచి, లెక్క గట్టిగా చదివించి, ఎవరి కూలి వారి చేతనే పెట్టింపుడు. ఇట్లు చేయించినవారు పని యెన్ని దినములలో ముగిసినదో, మేస్త్రి యేమనెనో, పంచిన సొమ్మెంతో మాకు వ్రాసి పంపినచో, లెక్కలు అనుకూలముగా నున్నను ప్రతికూలముగా నున్నను ఈ పత్రికయందే ప్రకటింతుము.